చుక్క తేటపడేదాకా

ఆ కళ్ళద్దాలు మా ల్యాబుకు వచ్చిన రోజు నేను రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లు మళ్ళీ ఎక్కాను. మూడంతస్తులు. మొదటిసారి టీ కోసమని దిగి, తాగకుండానే వచ్చేశాను. రెండోసారి ఎందుకు దిగానో నాకే తెలియదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్ళే దారిలో, ఒక సందులో ఉంటుంది మా బిల్డింగు. కింద చెప్పుల దుకాణం, మధ్యలో కోచింగ్ సెంటరు, పైన మేము. లిఫ్టు ఉందిగాని, దాన్ని నమ్ముకునేవాళ్ళెవరూ లేరు.

నేను అక్కడ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే సింకు. చీములో, కఫంలో ఏ రకం క్రిములున్నాయో తేల్చడం నా పని. నమూనాను స్లయిడు అనే గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, సెగ చూపించి, దానికి రంగు వేస్తాను. ముందు ఊదారంగు పోయాలి. ఆ తరవాత అయొడిన్. ఆ పైన స్పిరిట్‌తో కడగాలి. చివర ఎర్రరంగు. కొన్ని క్రిములు స్పిరిట్ పోసినా ఊదారంగును వదలవు. కొన్ని వదిలేసి, చివర పోసిన ఎర్రరంగు పట్టుకుంటాయి. ఏ మందు పనిచేస్తుందో డాక్టర్లు మొదట ఊహించేది ఆ రంగును బట్టే. స్పిరిట్ రెండు సెకన్లు ఎక్కువ పోస్తే ఊదాగా ఉండాల్సినవి కూడా ఎర్రబడిపోతాయి. తక్కువ పోస్తే అన్నీ ఊదాగానే మిగులుతాయి. పనంతా ఆ కాస్తలోనే ఉంటుంది.

మా డాక్టరుగారికి డెబ్భై దాటాయి. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయ్యాక కూడా మైక్రోస్కోపు ముందు నుంచి లేవరు. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, బల్ల మీద నల్లటి పెట్టె చూపించారు.

"జిల్లాల్లో రెండు చిన్న ల్యాబులు పెడుతున్నాను. కొత్త పిల్లల్ని తీసుకుంటున్నా. వాళ్ళ పక్కన నిలబడటానికి నిన్ను పంపలేను కదా. అందుకని నీ చేతుల్ని పంపుతాను."

నాకు అర్థం కాలేదు. పెట్టె పక్కన కూర్చున్న కంపెనీ ఇంజనీరు వివరించాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, హిమాయత్‌నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ఒక నెల రోజులు నేను ఆ అద్దాలు పెట్టుకుని పని చేయాలి. నేను చూసేదంతా, చేసేదంతా అవి రికార్డు చేసుకుంటాయి. దాన్ని మెట్లుమెట్లుగా విడగొట్టి, వాటిలోనే పెడతారు. రేపు జిల్లాలో ఎవరో కొత్త పిల్ల ఆ అద్దాలు పెట్టుకుంటే, ఏ సీసా ఎప్పుడు తీయాలో ఆమె కళ్ళ ముందే కనిపిస్తుంది.

"అయితే ఇక నాతో పనేముంది?" అన్నాను. నవ్వుతూనే అన్నాననుకున్నాను.

డాక్టరుగారు తలెత్తి చూశారు. "నీతో పని లేకపోతే నిన్నెందుకు పిలుస్తాను?" అని మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగారు.

అద్దాలు పెట్టుకుని చూశాను. దళసరి నల్లటి ఫ్రేము. కుడి కంటి ముందు గోరంత గాజు ముక్క. బల్ల మీద, గాలిలో, ఆకుపచ్చ అక్షరాలు తేలాయి. ఊదారంగు సీసా చుట్టూ ఒక గీత వెలిగింది. పొరపాటున పక్క సీసా మీద చెయ్యి వేస్తే ఆ గీత ఎర్రబడింది. సరైన సీసా తీస్తే టిక్కు పడి, తరవాతి మాట వచ్చింది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, గ్లోవ్స్ విప్పి పుస్తకం తిప్పే పని లేదు. అంతవరకు బాగానే ఉంది. కాని నాకు చత్వారం. నా కళ్ళజోడు మీద ఈ కళ్ళజోడు పెట్టుకుంటే ముక్కు నొప్పి పుట్టేది. చెయ్యి కాస్త పక్కకు పోయిందంటే చాలు, 'చేయి కనిపించడం లేదు' అని వచ్చేది. నా చెయ్యి నాకు కనిపిస్తూనే ఉండేది.

ఇంజనీరు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఊదారంగు ఎంతసేపు, అయొడిన్ ఎంతసేపు అని అడిగితే ఒక నిమిషం, ఒక నిమిషం అని చెప్పాను. స్పిరిట్ దగ్గర ఆగిపోయాం.

"ఇక్కడ ఎన్ని సెకన్లు పోస్తారు మేడం?"

"రంగు పోయేదాకా."

"అంటే ఎన్ని?"

"పల్చగా పూసింది అయితే త్వరగా పోతుంది. మందంగా ఉంటే ఆలస్యం అవుతుంది."

"సగటున?"

"సగటు చూసి పోస్తే సగం స్లయిడ్లు పాడవుతాయి."

అతను నవ్వి ఏదో టైపు చేశాడు. ఏం రాశారని అడిగాను. "ప్రస్తుతానికి పది సెకన్లు అని రాశాను మేడం. తరవాత మారుద్దాం. కాని మీరు ఎక్కడ ఆపుతారో, దేన్ని చూసి ఆపుతారో నాకు చెప్పాలి. చెప్పలేనిది ఇందులో పెట్టలేను."

దేన్ని చూసి ఆపుతాను? ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పలకలకు రంగు వేసుంటానో, ఏనాడూ నన్ను నేను ఆ మాట అడగలేదు. కాచిగూడలో మా ఇంట్లో పోపు పెడుతూ ఆవాలు చిటపటలాడేదాకా లెక్కపెట్టాను. అయిదు. మర్నాడు ఏడు. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏంటి, గొణుగుతున్నావు?" అన్నారు. "సెకన్లు" అన్నాను. ఆయన ఒక క్షణం చూసి పేపరు తీసుకుని వెళ్ళిపోయారు. బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి అయ్యేది కాదు. ఒక స్టాపు ముందే దిగి నడిచేదాన్ని. నడుస్తూ అడుగులు లెక్కపెట్టేదాన్ని, మధ్యలో ఎవరో తగిలితే లెక్క తప్పేది, మళ్ళీ మొదటినుంచి మొదలు.

లెక్క మొదలయ్యాక నా చెయ్యి చెడింది.

రోజూ పొద్దున్నే పేషెంట్ల నమూనాలు ముట్టుకోకముందు, తెలిసిన క్రిములతో ఒక పరీక్ష స్లయిడు చేస్తాం. ఒక మూల ఊదాగా రావాల్సినవి, ఒక మూల ఎర్రగా రావాల్సినవి. ఇవి సరిగ్గా వస్తేనే ఆ రోజు రంగులు బాగున్నట్టు, చేతులు బాగున్నట్టు. ఆ సోమవారం రెండు మూలలూ ఎర్రగా వచ్చాయి. మళ్ళీ చేశాను. రెండూ ఊదాగా వచ్చాయి. మూడోసారి కుదిరిందిగాని, ఎందుకు కుదిరిందో తెలియలేదు. మంగళవారమూ అంతే. బుధవారం ఒక కురుపు చీము స్లయిడు చూసి డాక్టరుగారు దాన్ని ట్రేలో వెనక్కి పెట్టారు.

"మళ్ళీ చెయ్యి."

ఆ మాట నేను అక్కడ చేరిన కొత్తలో విన్నాను. ఆ తరవాత వినలేదు. "సీసా పాతదై ఉంటుంది" అన్నాను. ఆవిడ అప్పటికే ఇంకో స్లయిడు అందుకున్నారు. అదే ఇంకా బాధ.

మా ల్యాబులో ఒక అక్క ఉంది. గాజు సామాను కడగడం, సింకు తోమడం, వాడిన డబ్బాలు ఆవిరి కుక్కరులో పెట్టడం ఆమె పని. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అందుకే నేను అక్కా అని పిలుస్తాను. ఆమె నన్ను మేడం అంటుంది. పాలమూరు వైపు పల్లె నుంచి కూలి పనులకు నగరానికి వచ్చిన కుటుంబం. ఏడో తరగతి వరకు చదివింది. పద్దెనిమిదేళ్ళుగా నా వెనకాల రెండడుగుల దూరంలో ఆమె నిలబడి ఉండేది, నేను పలక పక్కన పెట్టగానే తీసుకోవడానికి. అన్నేళ్ళూ ఆమె ఏం చూస్తోందని నాకు తోచలేదు.

గురువారం మూడో స్లయిడు పాడయ్యాక నేను చేతులు సింకు అంచు మీద పెట్టి అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి ఆమె మెల్లగా అంది.

"మేడం, ఒక మాట చెప్తే ఏమనుకోరు కదా?"

"చెప్పు అక్కా."

"మీరు లెక్కవెడుతున్రు. మునుపు లెక్కవెట్టకపోతుంటిరి."

"మరి మునుపు ఏం చేసేదాన్ని?"

"మీరు స్లయిడును జర వంచి పట్టుకుంటుండె. దాన్ని సూడకపోతుంటిరి. కింద సింకుల పడే చుక్కను సూస్తుంటిరి. ఊదగ పడ్డన్ని చుక్కలు పోసుడే. చుక్క తేటగ పడ్డదంటే గంతే, ఎంబడే నీళ్ళు. ఇప్పుడు పైకి సూస్తున్రు, గాలిల అక్షరాలు సూస్తున్రు. చుక్కను సూస్తలేరు."

నేను ఆమె వైపు తిరిగాను. "నీకెట్లా తెలుసు?"

"సింకు తోమేది నేనే కదా మేడం. ఏ దినం ఎక్కువ పోసిన్రో, ఏ దినం తక్కువ పోసిన్రో మరకను వట్టి తెలుస్తది."

అద్దాలు తీసి పక్కన పెట్టి ఒక పలక వంచి పట్టుకున్నాను. తెల్లటి సింకులో చుక్కలు పడ్డాయి. ఊదా, ఊదా, లేత ఊదా, ఇంకా లేత. తేట. ఆపాను. నీళ్ళు పోశాను. చూడకుండానే తెలిసిపోయింది, బాగా వచ్చిందని. అంత సంతోషంలోనూ లోపల ఏదో కలుక్కుమంది. నా పని నాకు చెప్పిన మనిషి నా గ్లాసులు కడిగే మనిషి.

ఇంజనీరుకి చెప్పాను. అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. పది సెకన్లు తీసేసి, చుక్క గురించి రాశాడు. అద్దాలకు కూడా సింకులో పడే చుక్క రంగు చూడటం నేర్పాడు. రెండు రోజుల్లో తెలుగు మాటలు కూడా వచ్చాయి, జిల్లా పిల్లలకు పనికొస్తాయని. తరవాత అన్నాడు, "ఇప్పుడు ఈ పని ఎప్పుడూ చేయనివాళ్ళు ఒకరు కావాలి మేడం. పెట్టుకుని చేసి చూపిస్తే తప్పులు తెలుస్తాయి."

గదిలో ఉన్నది మేమిద్దరం, అక్క. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నాకెందుకు సార్, పగిలితే?" అంది. "పగలవు" అని అతనే ఆమెకు పెట్టాడు. తెలిసిన క్రిములు పూసి, సెగ చూపించి ఉంచిన పరీక్ష స్లయిడే ఇచ్చాం. పేషెంటుది కాదు.

ఆమె స్పిరిట్ దగ్గరికి వచ్చి ఆగింది. "నిర్... నిర్వర్ణీకరించుము అని వస్తున్నది. ఏంది మేడం గిది?"

నాకే నవ్వు వచ్చింది. అక్కడికక్కడే మాటలు మార్చాం. 'స్పిరిట్ పోస్తూ కింద పడే చుక్కను చూడండి. తేటగా పడితే ఆపి నీళ్ళు పోయండి.' అలా ఒక్కొక్క మాటా ఆమెకు అర్థమయ్యేదాకా మార్చి, కొత్త స్లయిడుతో మళ్ళీ మొదలుపెట్టించాం.

ఆమె తొందరపడలేదు. సీసా మూత తీసి, పక్కన బోర్లించి పెట్టకుండా వెల్లకిలా పెట్టింది, నేను పెట్టినట్టే. పలకను నేను వంచినంతే వంచింది. చుక్క తేటపడగానే, అద్దాల్లో గీత వెలగకముందే, ఆమె చెయ్యి ఆగింది. ఇంజనీరు స్క్రీన్ వైపు చూసి, "మేడం, ఆమె వీటికంటే ముందే ఆపేసింది" అన్నాడు. అంతలో ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆరిన స్లయిడును ట్రేలో పెట్టి డాక్టరుగారి గదికి నేనే తీసుకెళ్ళాను. బకెట్ తీసుకుని అక్క కూడా నా వెనకే వచ్చింది, ఆ గదిలో చెత్తబుట్ట మార్చాలి. డాక్టరుగారు చాలాసేపు చూశారు. పలకను అటూ ఇటూ జరిపారు.

"చాలా బాగుంది. ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తోంది. మళ్ళీ దారిలో పడ్డావు."

అప్పుడు చెప్పాలి. నేను చేయలేదండీ, అక్క చేసింది అని. చాలా చిన్న మాట. నోటి దాకా వచ్చింది. వారమంతా ఆవిడ దగ్గర నేను తలవంచుకుని ఉన్నాను, ఆ మెప్పు కోసం వారమంతా మెట్లు ఎక్కి దిగాను. "ఔనండీ" అనలేదు. కాదని కూడా అనలేదు. ట్రే తీసుకుని బయటికి వచ్చాను. వస్తూ అక్క వైపు చూడలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆమె నా వెనక నిలబడటం మానేసింది. పని మాత్రం ఎప్పటిలాగే చేసేది. సీసాలు వరసలో, పలకలు మెరుస్తూ. ఏదైనా అడిగితే "ఔ మేడం", "లేదు మేడం". అంతకు మించి లేదు. ఇదివరకు పదకొండు గంటలకు టీ తెచ్చుకుని ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి కింద ట్రాఫిక్ చూస్తూ తాగేవాళ్ళం. ఆమె ఇప్పుడు కప్పు తీసుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చునేది.

నేను ఉండబట్టలేకపోయాను. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి బేగంబజార్ వెళ్ళాను. స్టీలు సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, మంచి టిఫిన్ డబ్బా ఒకటి కొన్నాను, ఆమె డబ్బా మూత వదులైందని గుర్తు. ఏది కొన్నా తప్పే కొంటున్నానని కొంటున్నప్పుడే తెలుసు. మర్నాడు ఇచ్చాను. తిప్పి చూసింది.

"నాకెందుకు మేడం, నాది మంచిగనే ఉన్నది" అని ర్యాకు మీద పెట్టింది. తీసుకోనూ లేదు, తిప్పి ఇవ్వనూ లేదు. తల ఎత్తినప్పుడల్లా అది నాకు కనబడేది. నాలుగు రోజుల తరవాత దాన్ని తీసి అందులో దూది పెట్టాను.

అద్దాలు కొనాలో వద్దో తేల్చే రోజు వచ్చింది. డాక్టరుగారి గదిలో ఇంజనీరు, నేను. అతను తన ల్యాప్‌టాప్ తెరిచి ఏవో చూపించాడు. ఆవిడ వింటూ మధ్యలో నా వైపు తిరిగారు.

"నాకు ఇవన్నీ వద్దు. ఆ రోజు ఈమె చేసిన స్లయిడు చూశాను, అది చాలు. వారంపాటు చెయ్యి కుదరక తంటాలు పడింది. ఈ అద్దాలతోనే కదా కుదిరింది?"

"ఆ స్లయిడు నేను చేయలేదండీ" అన్నాను.

డాక్టరుగారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"మరి?"

"అక్క చేసింది. అద్దాలు పెట్టుకుని చేసింది గాని, వాటి అవసరం కూడా పెద్దగా లేదనుకుంటా. చుక్కను చూసి ఆపాలని నాకు చెప్పింది కూడా ఆమే."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పలేకపోయానండీ."

"ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే బాగుండునని అనిపించింది. ఇంజనీరు ల్యాప్‌టాప్ మూత సగం వంచి, మళ్ళీ తెరిచాడు. "ఆమెను పిలువు" అన్నారు డాక్టరుగారు.

అక్క కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తనమీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకున్నట్టుంది, మొహంలో రక్తం లేదు. డాక్టరుగారు ఆమెకు మూడు పరీక్ష స్లయిడ్లు ఇచ్చారు. ఒకటి పల్చగా పూసింది, ఒకటి మందంగా, ఒకటి రెండూ కలిసింది. అద్దాలు ఇవ్వలేదు. సింకు దగ్గర డాక్టరుగారే నిలబడ్డారు. నన్ను దూరంగా ఉండమన్నారు. ఆ పది నిమిషాలు నేను కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. కోచింగ్ సెంటర్లో ఎవరో మైకులో కిరణజన్య సంయోగక్రియ చెబుతున్నారు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆమె బాగా చేయాలని ఒకసారి, చేయకపోతే బాగుండునని ఒకసారి అనిపించింది. రెండోది అనిపించిందని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

మొదటి రెండూ చక్కగా వచ్చాయి. మూడోదాంట్లో మందంగా ఉన్న చోట ఊదారంగు కాస్త మిగిలిపోయింది.

"ఇక్కడ తొందరగా ఆపావు" అన్నారు డాక్టరుగారు.

"ఔనమ్మా. రెండు దిక్కుల నుంచి చుక్క వడ్డది. ఒకటే సూసిన."

ఆవిడ తల ఊపారు. ఆ రోజే తేల్చేశారు. పేషెంటు రిపోర్టు పని ఆమెకు ఇవ్వడం కుదరదు, చదువు, రూలు ఒప్పుకోవు, ల్యాబుకే ముప్పు. పొద్దుటి పరీక్ష స్లయిడు మాత్రం ఇక అక్క వేస్తుంది, నేను పక్కన ఉండి చూస్తాను. రిజిస్టరులో రంగు వేసినవాళ్ళ పేరు రాయడానికి కొత్తగా ఒక గడి గీయించారు. మర్నాడు ఆమె తన పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసింది. ఆ గడి చాలక పక్క గడిలోకి కూడా వెళ్ళింది.

అద్దాల సంగతి కూడా చిత్రంగానే తేలింది. "ఒక ల్యాబుకు అద్దాలు పంపుతాను. రెండోదానికి మనిషిని పంపుతాను" అన్నారు. "ఏది బాగా నడుస్తుందో ఏడాది చూద్దాం." మనిషంటే నేననుకున్నాను. ఆవిడ అక్కను చూపించారు.

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆమెను ఆపాను. కోచింగ్ పిల్లలు గుంపుగా ఎక్కుతున్నారు, గోడకు ఒదిగి నిలబడ్డాం.

"అక్కా, ఆ రోజు నేను చెప్పాల్సింది."

ఆమె ఆ పిల్లలంతా దాటేదాకా ఆగింది. "బకెట్ వట్టుకొని గాడనే నిలవడ్డ మేడం. మీరు నా దిక్కు సూడలే. ఇంటికి పోయినంక అన్నం సయించలే."

"తప్పు నాదే."

"ఔ" అంది.

ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. పర్వాలేదనో, పోనీలెండి అనో. ఆమె బస్సు టైమయిందని దిగి వెళ్ళిపోయింది. ఆ ఒక్క అక్షరం చాలా రోజులు నాతో తిరిగింది.

జిల్లాకు వెళ్ళడానికి ముందు వారం ఆమెకు భయం పట్టుకుంది. నేను మళ్ళీ ఆమెతో కిటికీ దగ్గర టీ తాగడం ఆ వారంలోనే మొదలైంది, అదీ ఆమె అవసరం కొద్దీ. "గాడ ఉన్నోళ్ళు సదువుకున్న పిల్లలు మేడం. నేనేం చెప్త వాళ్ళకు? నవ్వుతరు."

"నవ్వితే నాకు ఫోన్ చెయ్యి."

"మీరేం చేస్తరు?"

"వాళ్ళను నాతో మాట్లాడమను."

"వద్దు మేడం. నేనే మాట్లాడుత" అంది. కాస్త గట్టిగానే అంది.

వెళ్ళింది. ఆమె ఉన్నంతకాలం ఎంత పని చేసేదో ఆ వారం తెలిసింది. సింకు నేనే తోముకున్నాను. ఊదారంగు సబ్బుకు పోదు. నా వేళ్ళు, గోళ్ళు అన్నీ ఊదాగా అయ్యాయి. ఇంట్లో పిండి కలుపుతుంటే మా ఆయన, "అది తినొచ్చా?" అన్నారు. ల్యాబులో ఎంత పనున్నా మనసు నిలవలేదు. ఫోన్ తీసి చూసుకోవడం, పెట్టేయడం. ఆమె వెళ్ళిన నాలుగు రోజులకు గాని మోగలేదు.

అప్పుడు నేను మధ్యాహ్నం తిండి వేళ, ఆబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఉన్నాను. కొత్త చత్వారం అద్దాలు తీసుకుని అప్పుడే బయటికి వచ్చాను. ఆటోల హారన్లలో ఆమె గొంతు సరిగ్గా వినబడలేదు. దుకాణం పక్క సందులోకి జరిగాను.

"మేడం, ఇద్దరు పిల్లలు మంచిగనే నేర్చుకుంటున్రు. మొదటి దినం నన్ను గ్లాసులు కడుగుమన్నరు. కడిగిన. తర్వాత సింకు కాడికి పిలిచిన. ఇప్పుడు చెప్పినట్టే చేస్తున్రు. ఒక పిల్ల మాత్రం ఒకటి అడిగింది, నాకు తెల్వలే."

"ఏమడిగింది?"

"స్పిరిట్ అన్నింటి మీద ఒక్క తీరుగనే పోస్తం కదా. కొన్ని ఊద రంగును వదుల్తయి, కొన్ని వదలయి. ఎందుకట్ల అని. తనకు పుస్తకంల ఉన్నదట గని, నా నోట వినాల్నట. నన్ను పరీక్ష చేస్తున్నదేమో."

నేను గోడకు ఆనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు నా వెనక నిలబడిన మనిషి. ఆ రంగు ఎందుకు నిలుస్తుందో, ఎందుకు పోతుందో ఒక్కసారీ నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"క్రిమి చుట్టూ గోడ ఉంటుంది అక్కా. కొన్నింటికి మందంగా, కొన్నింటికి పల్చగా."

"జర మెల్లగ చెప్పున్రి. రాసుకుంటున్న."

మెల్లగా చెప్పాను. ఊదారంగు, అయొడిన్ కలిసి లోపల పెద్ద ముద్ద అవుతాయి. స్పిరిట్ పోస్తే మందపు గోడ బిగుసుకుపోతుంది, ముద్ద బయటికి రాలేదు. పల్చటి గోడ పైన కొవ్వు పొర ఉంటుంది, స్పిరిట్‌కు అది కరిగి చిల్లులు పడుతుంది, రంగంతా కారిపోతుంది. తరవాత పోసిన ఎర్రరంగు అందులో చేరుతుంది. అటువైపు కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. ఒక మాట మళ్ళీ చెప్పించుకుంది. తరవాత మొత్తం చదివి వినిపించింది. 'బిగుసుకుపోతది' అని రాసుకుంది, 'కొవ్వు పొర' దగ్గర 'సమురు పొర' అని రాసుకుంది. సరిదిద్దబోయి ఊరుకున్నాను. ఆ మాటే తేలిగ్గా అర్థమవుతుంది.

"ఇన్నేండ్లు ఎందుకెర్రగైతదో తెల్వకనే కడిగిన మేడం" అంది. నిందలా లేదు, అబ్బురంగా ఉంది.

"ముందే చెప్పాల్సింది."

"ఔ" అని ఆగి, "ఇంకొకటి అడుగుత. గోడ సగం మందం, సగం పల్చగున్నయి గిట్ల ఉంటయా?"

అది నేను చదివి చాలా ఏళ్ళయింది. అలాంటివీ ఉంటాయని, రంగు సరిగ్గా పట్టనివి ఉన్నాయని చెప్పడం మొదలుపెట్టాను. ఇంతలో అటువైపు తలుపు చప్పుడైంది, ఎవరో ఆడపిల్లలు మాట్లాడుకుంటూ వస్తున్నారు.

"పిల్లలొచ్చిన్రు మేడం. సాయంత్రం చేస్త, మిగిలింది చెప్పున్రి" అని పెట్టేసింది.

నేను సందులోంచి బయటికి వచ్చి, చదువుకున్న రోజుల నాటి పాఠ్యపుస్తకం ఇంట్లో ఏ అటక మీద ఉందో గుర్తు చేసుకుంటూ ల్యాబు వైపు గబగబా నడిచాను.